రెండో పేజీలో హార్మోనియం

నేను రిటైరవడానికి ముందు ఏడాది వేసవిలో, సత్తెనపల్లిలో ఒక పద్యనాటకానికి సౌండ్ చూడమని మా గుంటూరు ఆడిటోరియం వాళ్లు నన్ను పంపారు. నా హోదా సీనియర్ సౌండ్ ఇంజనీరు. వెంట ఇచ్చిన డిజిటల్ మిక్సర్ కొత్తది. దానికి మీటలు లేవు, అన్నీ ల్యాప్‌టాప్ తెర మీదే.

ఆ తెర మీద ఒక్కో మైకుకు ఒక్కో నిలువు పట్టీ ఉంటుంది. పట్టీ అడుగున శబ్దం పెంచే, తగ్గించే ఫేడర్. ఒకసారికి ఎనిమిది పట్టీలే కనబడతాయి. మొదటి పేజీలో నటుల గొంతులు, రెండో పేజీలో వాద్యాలు. ఏ పేజీలో ఉన్నామో తెర నెత్తిన పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నాలాంటి వాళ్ల కోసమే అంత పెద్దగా రాసి ఉంటారు.

పాత మిక్సర్లకు ఫేడర్ల కింద తెల్లటేపు అంటించి పేర్లు రాసుకోవడం మా వృత్తిలో ఆచారం. నేను ల్యాప్‌టాప్ తెర అంచునా టేపు అంటించాను. మూడో చోట ‘ఖాసిం’ అని రాశాను.

ఖాసిం గారిది రాజు వేషం. గొంతు ఆపరేషన్ తర్వాత ఆయన స్టేజీ ఎక్కడం అదే మొదటిసారి. పద్యం జనానికి అందకపోతే వేషం ఇంకొకరికి ఇస్తామని నాటక సమాజం పెద్దలు ముందే చెప్పేశారు.

నాటకం మధ్యలో తబలా తగ్గించడానికి రెండో పేజీకి వెళ్లి, అక్కడే ఉండిపోయాను. రాజు పద్యం ఎత్తుకున్నారు. గొంతు సన్నగా ఉంది. టేపు చూసి ‘ఖాసిం’ ఫేడర్ పైకి తోశాను. హార్మోనియం హోరెత్తింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దాని మైకు మరీ దగ్గరగా పెట్టారని విసుక్కుని, ఫేడర్ ఇంకా తోశాను.

“ఒరేయ్, ఆ పెట్టె ఆపరా, పద్యం వినపడట్లా” అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు.

హార్మోనిస్టు పాపం తనదే తప్పనుకుని చేతులు తీసేశాడు. అప్పుడు ఖాసిం గారి గొంతు ఒక్కటే చివరి పాదం అందుకుని, రాగం తీసి, తొణక్కుండా నిలబడింది. జనం “వన్స్ మోర్” అన్నారు. అలా అడిగితే పద్యం మళ్లీ పాడి తీరాలి. ఆ చప్పట్ల మధ్య తెర నెత్తిన ‘వాద్యాలు’ అని ఉన్నది చదివి, ఆ పేజీలో మూడో పట్టీ హార్మోనియందని చూసి, మొదటి పేజీకి వచ్చాను.

నాటకం అయ్యాక ఖాసిం గారు రంగు తుడుచుకోకుండానే వచ్చారు. “రెండోసారి బాగా పలికిందండీ. మొదట ఏమైందండీ ఇంజనీరు గారూ?” అని అడిగారు. టేపు చూపించి, పేజీ మార్చి చూపించాను. ఆయన కడుపుబ్బ నవ్వారు. వేషం ఆయనకే ఉంచారు.

ఫేడర్ ముట్టుకునే ముందు పేజీ పేరు చదవాలని ఆ రోజు నేర్చుకున్నాను. హార్మోనిస్టు దగ్గరకు వెళ్లి తప్పు నాదని కూడా చెప్పాను. ఈసారి తన మైకు తనే ఆపుకుంటానన్నాడు.