కుప్పంలో భారతి డ్రమ్స్ విన్న రోజు

నాలుగేళ్లుగా ఆ రాక్ బ్యాండును ఫోన్లోనే వింటున్నాను. మదనపల్లెలో పవర్‌లూమ్ మగ్గాల మధ్య ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నదాన్ని. కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమది కూడా తగ్గుతోందని డాక్టరు చెప్పాక, వినగలిగినప్పుడే వాళ్లను ఎదురుగా నిలబడి వినాలనిపించింది. ఆదివారం నాలుగింటికి కుప్పంలో ఒక కాలేజీ మైదానంలో వాయిస్తారని తెలిసింది. సోమవారానికి సెలవు చెప్పి బయల్దేరాను.

ఉదయం ఏడింటికి బస్సు. ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. ఎనిమిదికల్లా పుంగనూరు చేరి, బస్టాండులో ఇడ్లీ తిని, ఎనిమిదిన్నరకు కుప్పం బస్సెక్కాను. పక్కన చౌడేపల్లె నుంచి వచ్చిన మునెమ్మ కూర్చుంది. ఆవులు మేపుకుని బతికే మనిషి.

"యాడికి పోతాండావమ్మా?" అని అడిగింది.

చెప్పి, ఫోనులో డ్రమ్స్ వాయించే అమ్మాయి ఫొటో చూపించాను. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"ఈ పాప నా కూతురే. భారతి."

మా మదనపల్లె పక్కనే ఉన్న అంగళ్లు ఊళ్లో ఇంజనీరింగ్ చదివి, వచ్చిన ఉద్యోగం వదిలేసి బ్యాండులో చేరిందట. రెండేళ్లుగా తల్లీకూతుళ్లకు మాటల్లేవు.

"నిన్న ఫోన్ చేసి, ఒక్కసారి వచ్చి సూడుమా అనె. ఆ వాయింపులు నాకేం తెలుస్తాయి?"

"నాకు మాత్రం ఏం తెలుసక్కా? పొద్దంతా మగ్గాల హోరుకు తల దిమ్మెక్కిపోతాది. మీ పాప వాయిస్తే మళ్లా పానం లేసొస్తాది," అన్నాను.

మధ్యాహ్నం కుప్పంలో ఇద్దరం సంగటి తిన్నాం. నేను బస్టాండు పక్కన లాడ్జిలో గది తీసుకున్నాను. నాలుగింటికి స్టేజి ముందు నిలబడ్డాం.

మూడో పాటలో కరెంటు పోయింది. గిటార్లు మూగబోయాయి, మైకు పనిచేయలేదు. జనం కదలబోయారు. భారతి మాత్రం ఆపలేదు. పాడే కుర్రాడు స్టేజి అంచుకొచ్చి చప్పట్లతో తాళం అందుకున్నాడు, జనమంతా కలిశారు. నేను స్టేజి పలకమీద రెండు చేతులూ ఆనించాను. చెవితో ఎంత విన్నానో గానీ, ఆ దెబ్బలు అరచేతుల్లోంచి గుండెల్లోకి ఎక్కాయి.

"పాపకు చేతులు నొప్పి పుడతాయి, ఎవరన్నా నీళ్లియ్యండప్పా!" అని మునెమ్మ అరిచింది. ఎవరూ కదలకపోతే తనే సీసా పట్టుకుని స్టేజి ఎక్కింది. తల్లిని చూసిన భారతి నవ్వుతూ, కళ్లనీళ్లు కారుతున్నా వాయిస్తూనే ఉంది. పది నిమిషాలకు జనరేటరు అందుకుంది.

అయిపోయాక తల్లి ఆ బొబ్బలెక్కిన చేతులు పట్టుకుంది. "ఇంత బలం యాడిదే నీకు?"

"పాలు పితికిన చేతులు కదమా."

తెల్లారి ఆరింటి బస్సుకు ఒక్కదాన్నే తిరిగొచ్చాను. మునెమ్మ కూతురి దగ్గర ఉండిపోయింది. ఈ బ్యాండును వినడానికి వెళ్లదలచినవాళ్లు వెనక కుర్చీలు వెతుక్కోకండి, స్టేజికి ఆనుకుని నిలబడండి. నా ఎడమచెవి ఎన్నాళ్లు పనిచేస్తుందో తెలియదు. వాళ్లు మళ్లీ ఎక్కడెక్కడ వాయిస్తారో మాత్రం భారతిచేత కాగితమ్మీద రాయించుకుని తెచ్చుకున్నాను.