అవ్వ కారును అడిగిన ఉదయం

మా కారు ఆ రోజు ఎందుకు వణకలేదో నాకు తెలుసు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా, ఆ రోజు ఎండ బాగా కాసిందని, నల్ల గొర్రె ఈనిందని మాత్రం రాసి మూసేశాను.

కొత్తకోటలో మా ఇల్లు బెంగళూరు రోడ్డుకు ఆనుకొని ఉండేది. గొర్రెలు పెంచి, వాటి ఉన్నితో గొంగళ్లు నేసి అమ్ముకునే ఇల్లు. అలాంటి ఇంటి ముందు, గొర్రెల దొడ్డి పక్కన, ఎర్రటి విదేశీ కారు. పైకప్పు లేదు. సీట్లు రెండే. పందేల కోసం చేసిన కారట. బాపు, అంటే మా నాన్న, వయసులో ఉన్నప్పుడు ఒక దొర దగ్గర డ్రైవరుగా ఉండేవాడు. జాగీరు పోయాక దొర తన కోటలాంటి గడి ఖాళీ చేసి పట్నం వెళ్లిపోతూ, ఆ కారును స్టార్ట్ చేయడం ఇంకెవరికీ రాదు కనుక బాపుకే వదిలిపోయాడు. అప్పటికే అది తిరగవలసిన రోడ్లన్నీ తిరిగింది. మైళ్లు చూపే అంకెలు చివరిదాకా పోయి, మళ్లీ సున్నా దగ్గర మొదలయ్యాయి. "మల్ల చిన్న పోరి అయింది" అని బాపు మురిసిపోయేవాడు.

అంగడి రోజున వెనకాల గొంగళ్ల మూట కట్టుకొని బాపు వనపర్తికి పోయేవాడు. ఎడమ సీటు నాది. ఆయన బేరాలు ముగించేలోపు నేను గ్రంథాలయంలో పుస్తకాలు మార్చుకొని వచ్చేదాన్ని. ఎవరైనా పేరడిగితే చెమటలు పట్టే మనిషిని. బస్సులో అంతమంది మధ్య కూర్చోవడం నా వల్ల కాదు, ఒక్కదాన్ని పంపేవాళ్లూ కాదు. ఆ సీటు ఉంటేనే నాకు పుస్తకం.

చిక్కల్లా ఏమిటంటే, కారు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. స్టార్ట్ చేస్తే అద్దం, తలుపులు, లైట్లు దేనికది విడివిడిగా ఊగేవి. అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, ఒక్కసారి కూడా అది ఎక్కలేదు. "గండ్ల కూసుంటే నా బొక్కలు మూటగట్టి దేవాలె" అని మోచేతి ఎముక తడుముకునేది. ఎత్తు వచ్చిందంటే కారు మరీ నీరసపడేది. ఒకసారి వనపర్తి దారిలో మేము ఎక్కలేక మూలుగుతుంటే, వెనక నుంచి ఎడ్లబండి వచ్చి మమ్మల్ని దాటింది. బండాయన వెనక్కి తిరిగి, "ఏం బావా, తాడు గట్టమంటవా?" అని అడిగాడు. అడగడం కూడా ఎంతో మర్యాదగా అడిగాడు. బాపు ఆ పూట అన్నం కెలికి లేచాడు.

మరునాడే లారీలు బాగుచేసే ఉస్తాదును పిలుచుకొచ్చాడు. ఉస్తాదు దగ్గర మిలిటరీ వేలంలో కొన్న జీపు ఇంజను ఒకటి పడి ఉంది. ఆయన కారు ముందుభాగంలో తల పెట్టి, తాడుతో అటూ ఇటూ కొలిచాడు.

"పడ్తది అన్నా. గని జర పొడుగున్నది. నడుమ రేకు కోసి లోపలికి జరుపాలె. గా ఎడమ సీటు తీసెయ్యాలె."

"సీటు పోతే పోనీ ఉస్తాద్. ఎత్తు ఎక్కుతదా?"

"ఎక్కుడేంది అన్నా? దునుకుతది!"

నేను చాయ గ్లాసులు పట్టుకొని అక్కడే ఉన్నాను. నా చూపు ఎడమ సీటు మీదనే ఉంది. బాపుకు నేను గుర్తొచ్చినట్టున్నాను.

"ఏం బిడ్డా? సదివిన బుక్కే మల్ల సదువుకో. అరుగుతదా ఏంది?"

నేను తల ఊపాను. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

అడ్డం పడింది అవ్వ. గోడకు ఆనుకొని ఉన్ని వడుకుతూ అంతా విన్నది.

"కొడకా, యాటను గోసేముందు అడుగుతమా లేదా?"

"అడుగుతం."

"మరి గిదేం పాపం జేసింది? గిన్నేండ్లు నిన్ను మోసె. దాని గుండెకాయ గుంజుతానంటివి. అడగకుంటనే గుంజుతవా?"

మా దగ్గర దేవతకు యాటను ఇచ్చేముందు దాని మీద పసుపు నీళ్లు చల్లి నిలబడతారు. అది ఒళ్లు దులిపితే ఒప్పుకున్నట్టు. దులపకపోతే ఎంత పొద్దెక్కినా కత్తి లేవదు. మేకైనా పొట్టేలైనా అంతే. కారును అడగడం మాత్రం మా వంశంలో అదే మొదటిసారి.

బాపు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కళ్లు చిన్నవి చేసి ఆలోచించాడు.

"సరే అమ్మా, అడుగుదాం. గని ఇంజను నడుస్తుంటె అడుగాలె. పానం ఉన్న యాటనే గద మనం అడిగేది?"

"అంతే గదరా" అంది అవ్వ. ఆ వణుకే ఒళ్లు దులపడం కింద లెక్క అవుతుందని ఆమెకు తట్టలేదు. ఉస్తాదు మూతికి గుడ్డ అడ్డం పెట్టుకొని దగ్గాడు. బాపు మీసం కింద దొంగనవ్వు నాకు స్పష్టంగా కనిపించింది. స్టార్ట్ చేయడమే ఆలస్యం, కారు తల నుంచి తోక దాకా ఒళ్లు దులుపుతుంది. నా సీటు అక్కడితో సరి.

ఆ మధ్యాహ్నం అందరూ గొర్రెల వెంట పోయారు. నేను కారు ముందు మూత ఎత్తాను.

చిన్నప్పుడు ప్లగ్గులు తుడిచే పని నాదే. నాలుగింటిలో చివరిది వేడి గొట్టం వెనక, సందులో ఉంటుంది. బాపు లావు వేళ్లు అక్కడికి చేరవు. నేను పెద్దదాన్నయ్యాక ఆడపిల్ల చేతికి మసి ఎందుకని ఆ పని మాన్పించారు. అప్పటి నుంచి మూడు ప్లగ్గులకు స్నానం, నాలుగోదానికి లేదు. కారు వణుకు కూడా ఆ ఏడాదే మొదలైంది. బాపు దాన్ని రోగం అనుకోలేదు, ముసలితనం అనుకున్నాడు. ఉస్తాదు ఏమనుకున్నాడో గాని, జీపు ఇంజను అమ్మాలనుకునే మనిషి అంత సందులోకి చూస్తాడా?

పానాతో విప్పితే ప్లగ్గు బొగ్గుముక్కలా చేతిలోకి వచ్చింది. దాని వైరు కూడా సగం ఊడి వేలాడుతోంది. గరుకు కాగితంతో గీకి, పెట్రోలులో కడిగి, బిగించి, వైరు గట్టిగా తొడిగాను. చేతులు బూడిదతో తోముకొని వంటింట్లో కూర్చుంటే, నాకే నవ్వాగలేదు.

తెల్లవారి ఉస్తాదు ఎడ్లబండి మీద జీపు ఇంజనును తెచ్చాడు. గోనెసంచి కప్పుకొని అది కొత్త పెళ్లికొడుకులా కూర్చుంది. అవ్వ చెంబులో పసుపు కలిపి, వేపమండ పట్టుకొని వచ్చింది. బాపు ముందుకు వంగి హ్యాండిలు తిప్పాడు.

కారు స్టార్ట్ అయింది. పాలు తాగిన పిల్లిలా సన్నగా గురగురలాడుతూ నిలబడింది.

బాపు హ్యాండిలు చేతిలో పట్టుకొని అలాగే ఉండిపోయాడు. అవ్వ నీళ్లు చల్లింది. పసుపు చుక్కలు మూత మీద పడి, పడ్డచోటనే కూర్చున్నాయి. అందరం చూస్తున్నాం. కాసేపటికి కారు కొంచెం ఊగింది.

"కొడకా, మోకాలు దియ్యి" అంది అవ్వ. "యాటను మనం ఊపొద్దు."

బాపు మోకాలు తీశాడు. కారు ఆగింది. ఈసారి ఉస్తాదు లోపలికి వంగి గట్టిగా రేజ్ చేశాడు. కారు రోడ్డు అదిరేలా అరిచింది గాని, కదల్లేదు.

"ఇన్నవా? కొట్లాడుతాంది. పోనంటాంది" అంది అవ్వ.

"అవ్వా, గది యంత్రం. దానికేం ఎరుక?" అన్నాడు ఉస్తాదు.

"యంత్రమైతే నాయినా, పెట్రోలు పోస్తెనే ఎందుకు నడుస్తది? తాగేదానికి మనసుంటది."

మళ్లీ చల్లింది. మళ్లీ నిలబడ్డాం. ఎండ ఆరేసిన గొంగళ్ల మీదికి వచ్చింది. చివరికి అవ్వ మిగిలిన నీళ్లు కారు చక్రానికి పోసి, "ఒప్పుకుంటలేదు. ఇడిచిపెట్టుండ్రి" అని లోపలికి పోయింది.

"గొర్లోళ్ల కారు బాగు జేసుడు నా తోని గాదు" అని ఉస్తాదు ఎడ్లను తిప్పాడు.

"నీ జీపింజనుకు గొంగడి గప్పు ఉస్తాద్, సలి వెడ్తది" అన్నాడు బాపు. ఆయన చూపు అప్పటికే కారు మీద ఉంది. చెవి దగ్గర పెట్టి విన్నాడు, అద్దాన్ని వేలితో ముట్టి చూశాడు, దూకి కూర్చొని రోడ్డెక్కాడు. ఎంతకూ రాలేదు. వచ్చినప్పుడు తల నిండా దుమ్ము, నోటి నిండా నవ్వు.

"కర్నూలు బస్సును ఎనకకేసిన!" అని అరిచాడు. "ఏమైందో ఏమో గని, గిట్ల ఎన్నడు ఉరుకలే."

ఎవరి మహిమ అన్నది ఇంట్లో ఎవరూ చర్చించలేదు. మహిమంతా పసుపు నీళ్లకు పోయింది. నాకు అభ్యంతరం లేదు, నా సీటు నాకుంది.

అంగడి రోజు వచ్చింది. జడ వేసుకొని, చదివిన పుస్తకాలు పట్టుకొని బయటికి వచ్చాను. బాపు హ్యాండిలు తిప్పుతున్నాడు. ఎడమ సీటులో అవ్వ కూర్చుని ఉంది. కొత్త చీర, ఒళ్లో ఆకువక్కల సంచి, మెడ తిప్పకుండా రోడ్డు వైపే చూస్తోంది. నన్ను చూసి చెయ్యి చాపి పుస్తకాలు లాక్కుంది.

"వణుకుత లేదు గదనే, నేను గూడ జర వనపర్తి జూసొస్త. గొర్రె పిల్లలు పైలం. గీ బుక్కులు నేనే మారుస్త గని చెప్పు, బొమ్మలున్నయి దేవాల్నా, లేనియి దేవాల్నా?"