పిన్ని బుధవారం

మా కుట్టు కార్ఖానాలో పాటలకి రోజులు పంచుకున్నారు. గోడకి ఒకటే స్పీకరు, కింద కూర్చున్నవాళ్ళవి తలో రుచి. రోజూ దానికోసం జుట్టు జుట్టు పట్టుకోలేక, నేను చేరకముందే అందరూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు. ఎవరి రోజు వాళ్ళది. ఆ రోజు వాళ్ళేం పెడితే అదే, మిగతావాళ్ళు నోరు మూసుకుని వినాలి. సోమవారం కటింగ్ మాస్టరుది. ఎవరో ఎవరినో వదిలేసి పోయారని సాయంత్రం దాకా ఏడ్చే పాత పాటలు. మంగళవారం పెద్ద కాలరుది, గురువారం చిన్న కాలరుది. వీళ్ళిద్దరూ తోడికోడళ్ళు, ఇద్దరూ చొక్కా కాలర్లే కుడతారు, అందుకని ఆ పేర్లు. శుక్రవారం ఇస్త్రీ తాతది, ఖాళీగా ఉన్న శనివారం నేను చేరాక నాకిచ్చారు. బుధవారం మా పిన్నిది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ పడి ఉంటే, ఆవిడే లాక్కొచ్చి ప్యాకింగు బల్ల దగ్గర నిలబెట్టింది. ఆవిడ కూర్చునేది కాజా మిషను మీద. బొత్తాం దూరే చిల్లు చుట్టూ దారం అల్లి మధ్యలో కోసే మిషను అది. కార్ఖానా మొత్తానికి ఒక్కటే ఉంది. ఎవరు కుట్టిన చొక్కా అయినా పిన్ని చేతిలోంచి రాకుండా ఇస్త్రీకి పోదు, నా బల్ల మీదికి రాదు. నేను పిన్నీ అంటాను కాబట్టి అక్కడ అందరికీ ఆవిడ పిన్నే, ఆవిడకన్నా పెద్దవాడైన మాస్టరుతో సహా.

బుధవారం ఆవిడదన్న మాటేగానీ ఒక్కసారి కూడా ఆవిడ చేతికి రాలేదు. పొద్దున్నే ఎవరో ఒకరు తగులుకునేవారు.

"పిన్నీ, నువ్వెలాగూ ఏం పెట్టవుగా. ఇవాళ నాకిచ్చెయ్."

"పెట్టుకోండి," అనేది తలెత్తకుండానే.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఖాళీ జాగా కనబడితే చాలు చెత్త పోసేసి పోయే రకాలు. పైగా పోసినవాడు ఆ జాగా తనదే అన్నట్టు మాట్లాడతాడు. ఒక బుధవారం పెద్ద కాలరు, చిన్న కాలరు మా పిన్ని రోజు కోసం పోట్లాడుకున్నారు కూడా. పిన్ని అక్కడే ఉంది. ఆవిణ్ణి అడిగిన నాథుడు లేడు.

"నువ్విలా మెత్తగా ఉంటే నీ నెత్తి మీదే కాపురం పెడతారు," అన్నాను ఆ సాయంత్రం.

"పెట్టుకోనీరా, పాటలేగా," అంది.

పాటలే కాదని నాకు తెలుసు. ఆవిడ ఇల్లు చూశాను. ఒకటే గది, బీరువా అడ్డం పెట్టి అవతల వంట. బాబాయి టీవీ పొద్దున మొదలై ఆయన గురక పెట్టేదాకా, గురక పెట్టాక కూడా, మోగుతూనే ఉంటుంది. కట్టేస్తే లేచి కూర్చుని "చూస్తున్నా కదే" అంటాడు కళ్ళు మూసుకునే. పక్క వాటాలో పిల్లాడు బాకా నేర్చుకుంటున్నాడు. ఎప్పటికీ రాదు వాడికి. అక్కణ్ణుంచి బస్సు, బస్సులో డ్రైవరు పాటలు, దిగితే మా స్పీకరు. ఆ మనిషి చెవులు ఆవిడవి కానే కావు. ఎవడికి తోచింది వాడు అందులో పోస్తుంటాడు.

ఒక బుధవారం పిన్ని వచ్చి, సంచి మేకుకి తగిలించి, నేరుగా స్పీకరు దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

"ఇవాళ పాటల్లేవు," అంది. వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

ఎవరో పోయారనుకున్నారు. చిన్న కాలరు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఇస్త్రీ తాత పక్కకొచ్చి, "మీ ఆయనకి బాగానే ఉందా తల్లీ," అన్నాడు గొంతు తగ్గించి.

"లక్షణంగా ఉన్నాడు. ఇంట్లో టీవీ చూస్తున్నాడు."

"మరేంటి?"

"నా రోజు. నాకు ఏమీ వద్దు. అంతే."

అసలు గొడవ అక్కణ్ణుంచి మొదలైంది. ఇన్నేళ్ళుగా అక్కడ ప్రతివాడికీ పాట కింద గొణుక్కోవడం అలవాటు. ఎవణ్ణి ఏం తిట్టినా పైన పాట కప్పేసేది. ఆ రోజు కప్పేది లేదు, అలవాటు మాత్రం పోలేదు. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిన క్షణంలో పెద్ద కాలరు గొంతు గదంతా వినిపించింది. "ఏం కుడుతుందో ఏమో, కుక్క చెవిలా వేలాడుతోంది." ఆవిడ చేతిలో ఉన్నది చిన్న కాలరు కుట్టిన కాలరు. చిన్న కాలరు సూది దగ్గర చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. ఇంకాసేపటికి మాస్టరు, బట్ట మీద సుద్దగీత గీస్తూ, ఓనరు పిసినారితనం గురించి తనలో తను నాలుగు మాటలు అనుకున్నాడు. ఓనరు గుమ్మంలోనే ఉన్నాడు.

సాయంత్రానికి అందరి కోపమూ పిన్ని మీదికి తిరిగింది. అన్నవాళ్ళ తప్పు లేదు, వినపడేలా చేసిన మనిషిదే తప్పు.

తర్వాతి బుధవారం కూడా ఆవిడ ప్లగ్గు పీకింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర మాస్టరు పంచాయితీ పెట్టాడు.

"చూడు పిన్నీ, రోజు ఇచ్చింది పాట పెట్టుకోవడానికి. ఆపుకోవడానికి కాదు. నీకొద్దంటే మాకిచ్చెయ్."

"ఇన్నాళ్ళూ ఇచ్చానుగా."

"మరి ఇప్పుడేమొచ్చింది?"

"ఇప్పుడు నాకు కావాలి."

"ఏం కావాలి? ఏమీ పెట్టట్లేదుగా నువ్వు."

"అదే కావాలి."

పెద్ద కాలరు నవ్వింది. "ఊరికే కూర్చుని ఏం చేస్తావు పిన్నీ?"

"ఆలోచించుకుంటాను."

"ఏం ఆలోచిస్తావు?"

"నీకు చెప్పేదైతే ఆలోచించడమెందుకు, మాట్లాడేదాన్ని."

నేను మధ్యలో దూరాను. సోమవారం సోమవారం మాస్టరు ఏడుపు పాటలు వింటూ నేను నోరెత్తానా అని అడిగాను. మంగళవారం మోతకి తలనొప్పి మాత్రలు వేసుకున్నానని చెప్పాను. "చదువు మానేసిన నోరు కదా, అలాగే ఉంటుంది," అన్నాడు మాస్టరు. నేను లేవబోయాను. పిన్ని నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

చేతులెత్తమన్నారు. పిన్ని వైపు నాది, ఆవిడది. ఇస్త్రీ తాత ఎటూ ఎత్తకుండా ముద్ద కలుపుకుంటూ కూర్చున్నాడు. చిన్న కాలరు చెయ్యి మిగతావాళ్ళతోనే లేచింది గానీ మొహం గోడ వైపు పెట్టింది. బుధవారం ఇకనుంచి అందరిదీ అని తీర్పు. అందరిదీ అంటే మాస్టరుదని అర్థం చేసుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు.

మూడో బుధవారం మేం వెళ్ళేసరికే పాట మోగుతోంది. మాస్టరు ముందుగా వచ్చి మరీ పెట్టాడు. పిన్ని స్పీకరు వైపు చూసింది. సంచి తగిలించింది. వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది. పెడలు మీద మాత్రం కాలు పెట్టలేదు.

చొక్కాలు వచ్చి పడుతున్నాయి. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆవిడ పక్కన బుట్ట నిండింది, నేల మీద కుప్ప లేచింది. ఇస్త్రీ తాత పెట్టె చల్లారిపోయింది. నా బల్ల ఖాళీ. అది ఆసుపత్రి వాళ్ళ యూనిఫారాల ఆర్డరు, సాయంత్రం వాళ్ళ వ్యాను వస్తుంది.

"కుట్టవేం?" అన్నాడు మాస్టరు.

"నా రోజున పాట మోగినంతసేపూ కుట్టను."

"నీ రోజు లేదు. తీసేశాం."

"ఇచ్చింది మీరొక్కరే కాదు, మీరొక్కరే తీయడానికి."

"చేతులెత్తారుగా."

"మీ సోమవారం మీద కూడా ఎత్తమందామా?"

మాస్టరు మొహం కందగడ్డలా అయింది. సోమవారం మీద చేతులెత్తమంటే తనవైపు ఒక్క చెయ్యి లేవదని అతనికీ తెలుసు. పెద్ద కాలర్ని కాజా మిషను మీద కూర్చోమన్నాడు. ఆవిడ వచ్చి నిలబడింది.

"లే పిన్నీ."

"ఎందుకు లేస్తాను? పనికి వచ్చాను."

"పని చెయ్యట్లేదుగా."

"చేస్తాను. అది ఆపు."

పైన ఎవడో గొంతు చించుకుని ప్రేమించానని అరుస్తున్నాడు. కింద ఇంత కోపం. నా వల్ల కాలేదు. ప్లగ్గు దగ్గరికి వెళ్ళాను.

"కూర్చోరా," అంది పిన్ని. "నీ రోజు శనివారం."

వెనక్కి వచ్చాను. ఆవిడ మీదే కోపం వచ్చింది నాకు. ఇంత జరుగుతుంటే ఇంకా ఆ నియమమే పట్టుకుని వేలాడుతుందేంటి, వాళ్ళకి లేని నీతి మనకెందుకు అనుకున్నాను. ఆవిడ నా వైపు కూడా చూడలేదు.

ఎండ కిటికీ దాటి అవతలికి పోయింది. మాస్టరు రెండుసార్లు వీధిలోకి తొంగిచూశాడు. "సగం పూట పాట, సగం పూట నీ మౌనం. సరేనా?" అన్నాడు. పిన్ని తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు ఆపితే నా పరువేం కావాలి?" అన్నాడు.

"అది మీరు చూసుకోండి. నేను తీసుకోలేదు మీ పరువు."

అప్పుడు చిన్న కాలరు లేచింది. నేరుగా వెళ్ళి ప్లగ్గు పీకేసి, అది చేతిలో పట్టుకునే తోడికోడలి వైపు తిరిగింది.

"అక్కా, రెండు వారాల్నుంచీ అడుగుతుంటే పాటలో వినపడలేదు వినపడలేదు అంటున్నావు. ఇప్పుడు చెప్పు. నా కాలరుకి ఏమైంది?"

పెద్ద కాలరు నీళ్ళు నమిలింది. "ఏదో నోరు జారింది లేవే."

"నోరు జారడం కాదు. రోజూ అంటావు. ఇంట్లో కూడా అంటావు."

ఇద్దరూ మొదలుపెట్టారు. పాత కాలర్ల దగ్గర్నుంచి అత్తగారి మందుల దాకా వెళ్ళారు.

"చూశావా," అన్నాడు మాస్టరు పిన్నితో. "ఇదీ నీ నిశ్శబ్దం."

"నేను పాటలొద్దన్నాను. మాటలొద్దని ఎప్పుడన్నాను?"

పిన్ని కుప్ప మీది చొక్కా తీసి సూది కింద పెట్టింది. మిషను టకటకలాడింది. మళ్ళీ ఆవిడ తల ఎత్తలేదు. వ్యాను వాడు వచ్చి గంట సేపు హారను కొట్టాడు. ఓనరు వచ్చి మాస్టర్ని అందరి ముందూ కడిగేశాడు. మాస్టరు ఒక్కసారి కూడా పిన్ని పేరు చెప్పలేదు. మంచితనం కాదు. పాట గురించి పని ఆగిందని చెప్పుకుంటే ముందు పోయేది ఆ స్పీకరేనని తెలుసు.

చివరి పెట్టె ఎక్కించాక పిన్ని సంచి తీసుకుంటుంటే అతను తలుపు దగ్గర నిలబడ్డాడు.

"వచ్చే బుధవారం కూడా ఇంతేనా?"

"బుధవారం ఎవరిది?"

"నీదే," అన్నాడు, నోట్లో రాయి ఉమ్మేసినట్టు.

మెట్లు దిగుతూ పిన్ని మొహం చూశాను. కనుబొమలు ముడిపడే ఉన్నాయి.

"గెలిచావుగా పిన్నీ. ఇంకా ఆ మొహమేంటి?"

"నాది నాకివ్వడానికి ఇంత ఏడ్పించారు. ఇప్పుడు నన్ను సంతోషించమంటావా?" అంది.