గాలిని వదిలేసిన లెక్క

అప్పట్లో నాకు పంతొమ్మిదేళ్లు. ప్రపంచంలో కదిలే ప్రతి వస్తువూ నా లెక్క ప్రకారమే కదులుతోందని గట్టి నమ్మకం. కాలేజీలో చదివింది కామర్సే. అయితే బందరు కోనేరు సెంటరులో కొన్న ఒక పాత ఫిజిక్సు పుస్తకంలో, విసిరిన వస్తువు ఎలా పోతుంది, ఎక్కడ పడుతుంది అనే అధ్యాయాన్ని ఎవరూ చెప్పకుండానే నేర్చేసుకున్నాను. (అట్ట ఊడిపోయింది గనక రాసినదెవరో ఇప్పటికీ తెలియదు.) ఆ తర్వాత గుడివాడలో మా వీధి పిల్లలు రాయి విసిరి జామకాయ కొట్టాలన్నా ముందు నన్ను కోణం అడగవలసిందే.

ఆ ఏడు కోతలప్పుడు దివిసీమలో మా మావయ్య ఊరు వెళ్లాను. వెళ్లిన మర్నాడే రేడియోలో వాయుగుండం అన్నారు. కోసి కట్టలు కట్టిన వరి ఇంకా చేలోనే ఉంది. తడిస్తే గింజ మొలకెత్తుతుంది, ఆ ఏటి పంట అంతటితో సరి. వాన పడేలోగా కట్టలన్నీ కుప్ప వేసి నెత్తి కప్పేయాలి. కూలీలు దొరకలేదు (ఊరంతా అదే పనిలో ఉంది). ఉన్నదల్లా మావయ్య, అత్తయ్య, నేను, ఇంకా కుప్ప వేయడంలో చెయ్యి తిరిగిన పొడుగు బాబాయ్. ఆయన మాకు చుట్టం కాదు గానీ ఊరందరికీ బాబాయే. తూర్పున సముద్రం వైపు నుంచి గాలి ఈడ్చి కొడుతోంది.

మధ్యాహ్నానికి కుప్ప నిలువున్నర ఎత్తు లేచింది. మిగిలిన కట్టలు దానికి తూర్పున, చేలకి నీరు పారే పంటబోదె అవతల ఉన్నాయి. ఒక్కొక్కటీ నెత్తిన పెట్టుకొని, బోదె మీద వేసిన తాటి దుంగ మీద ఊగుతూ నడిచి, కుప్ప మీదున్న బాబాయ్‌కి అందించడం నాకు శుద్ధ దండగ అనిపించింది.

"మోయడం ఎందుకు మావయ్యా? ఇక్కణ్ణించే విసిరేద్దాం."

"అందుద్దంటావా?"

"అందకపోవడమేమిటి! వేగం సరిపోతే కుప్పేమిటి, భూమి చుట్టూ తిరిగొస్తుంది. ఉపగ్రహాలు చేసే పని అదే. అవీ కిందికి పడుతూనే ఉంటాయి. కాకపోతే అవి పడే కొద్దీ గుండ్రటి భూమి కింద వంగి తప్పుకుంటుంది. అంచేత ఎప్పటికీ నేలకి తగలవు."

కుప్ప మీంచి బాబాయ్ కేకేశాడు. "ముందు నా దగ్గర పడెయ్యి బాబూ! భూమి చుట్టూ రేపు తిప్పుదువుగాని."

దూరం చూశాను, ఎత్తు చూశాను, పుల్లతో మట్టిలో లెక్క కట్టాను, కట్టని రెండు చేతులా ఊపి విసిరాను. అందంగా లేచింది. (లేవడం మటుకు అచ్చం పుస్తకంలో బొమ్మలాగే ఉంది.) పైన గాలి అందుకోగానే గడ్డి విచ్చుకొని, తెరచాప ఎత్తిన పడవలా సాగి, బాబాయ్ తల మీదుగా కుప్ప దాటి, అవతల పక్కవాళ్ల చేపల చెరువులో పడింది. 'గాలి ప్రభావాన్ని వదిలేద్దాం' అని ఆ అధ్యాయం మొదట్లోనే ఉంది. నేనూ వదిలేశాను. వాయుగుండం రోజున, దివిసీమలో నిలబడి, గాలిని వదిలేసి లెక్క కట్టినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకొని తూర్పుకు తిరిగి నిలబడింది.

"అటేం చూస్తున్నావే?" అన్నాడు మావయ్య.

"పడమటికి పోయింది గదా, చుట్టూ తిరిగి ఇటునుంచే రావాలి. ఎంతసేపు పడుద్ది అల్లుడూ?"

"ఎనభై నాలుగు నిమిషాలు" అన్నాను. (నిజంగా అంతే. అడిగితే చెప్పకుండా ఉండలేను.)

"ఈలోపు వానొచ్చుద్ది. మిగతావి మోసుకురా."

మోయలేదు. గాలిని కూడా లెక్కలో కలిపాను. వెనకనుంచి అది తోస్తుంటే నా జోరు సగం చాలు. ఈసారి కోణం కొంచెం దించి, మెల్లగా విసిరాను. కట్టలు ఒకదాని వెనక ఒకటి బాబాయ్ కాళ్ల దగ్గర వాలసాగాయి. "ఇదేదో బానే ఉందిరోయ్!" అంటూ మావయ్య కూడా మోత మానేసి నా పక్కన చేరాడు. ఆకాశం నల్లబడేసరికి కట్టలైపోయాయి. నెత్తి కప్పడానికి మాత్రం ఒక్కటి తక్కువొచ్చింది. అదెక్కడుందో అందరికీ తెలుసు.

చెరువులో దిగి లాక్కొచ్చాను.

"తడిది లోపల పెడితే ముక్కిపోద్ది!" అన్నాడు బాబాయ్.

"లోపలెందుకు? నెత్తిన పెట్టు. ఎటూ తడిసేదేగా" అంది అత్తయ్య.

చినుకులు మొదలయ్యాయి. నేనిప్పుడు కుప్పకు పడమటి వైపున ఉన్నాను, గాలి నా మొహాన కొడుతోంది. "ఎదురుగాలిరా, నీ మీదే పడుద్ది, ఇటు రా!" అని మావయ్య అరుస్తున్నాడు. కాని నీళ్లు పీల్చిన ఆ బరువును చేతుల్లో తూచుకున్నాను. గడ్డి విచ్చుకోదు, దీన్ని ఏ గాలీ కదపలేదు. గాలిని వదిలేసిన లెక్క సరిపోయే కట్ట ఆ చేలో ఇదొక్కటే. ఒళ్లంతా బిగబట్టి విసిరాను. పుస్తకంలో గీసిన గీత మీదే లేచి, వంగి, బాబాయ్ చేతుల్లో పడింది. దాంతో పాటు బాబాయ్ కూడా వెనక్కి పడ్డాడు, అదృష్టం కొద్దీ కుప్ప మీదే.

"పడిందా బాబాయ్?"

"పడింది బాబూ. నేనూ పడ్డాను."

వాన దంచి కొట్టింది గానీ కుప్పలోకి చుక్క దిగలేదు. నూర్చినప్పుడు గింజ పొడిగా గలగలలాడింది. ఆ ఊళ్లో నాకు శాటిలైట్ అల్లుడు అనే పేరు స్థిరపడింది. బిరుదుగానే తీసుకున్నాను.

ఈ మధ్య మా ఆవిడ మేడమీంచి ఇంటి తాళాలు పైకి విసరమంది. దూరం చూశాను, ఎత్తు చూశాను, వేలు తడిపి గాలి ఎటుందో చూశాను. "ఏమండీ, మీరు లెక్క తేల్చేలోపు నేనే దిగొస్తాను లెండి" అంది. ఆ పంతొమ్మిదేళ్ల కుర్రాడైతే ఈపాటికి విసిరేసి, పక్కింటి డాబా మీద వెతుక్కుంటూ ఉండేవాడు. నేను తాళాలు జేబులో వేసుకొని, వాణ్ణి తలచుకొని నవ్వుకుంటూ మెట్లెక్కాను.