మంచుకొండకు పొందూరు బట్ట

ముందే చెప్పేస్తున్నాను, నా నోట్లో పడిన చిట్టి నెత్తళ్ళ చేప బయటికి వచ్చేసరికి సొరచేప అవుతుంది. ఇంటికి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మా ఆవిడ కాఫీ కంటే ముందు హెచ్చరిక ఇస్తుంది. "ఈయన సెప్పిందాంట్లో సగం తీసీసి మిగిలింది ఇనండి. ఆ మిగిల్నదాంట్లో కూడా ఉప్పు కొంచెం ఎక్కువే ఉంటాది." మీరు కూడా ఈ మంచు ప్రయాణాన్ని ఆ లెక్కనే చదువుకోండి. ఎక్కడ కల్పించానో ఆఖర్న నేనే ఒప్పుకుంటాను. వేళ్ళ సంగతిలో మాత్రం గోరంత కూడా పెంచలేదు.

ఆ వేళ్ళు మా బావమరిదివి. పొందూరులో మగ్గం మీద కూర్చునే మనిషి. వాళ్ళింట్లో ఆడవాళ్ళు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, వెంట్రుక సిగ్గుపడేంత సన్నగా నూలు వడుకుతారు. మగ్గం మీద ఆ పోగు తెగితే కంటికి ఆనదు. రెండు కొసలూ వేళ్ళతోనే వెతుక్కుని ముడి వేయాలి. మా వాడు కళ్ళు మూసుకుని పోగు పట్టుకుంటే అది ఏ ఇంట్లో వడికిందో చెప్పగలడు. వడికేటప్పుడు ఆ ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో కూడా చెబుతాడని మా ఊరు గజపతినగరం అంతా ప్రచారం చేసింది నేనే.

మొన్న శీతాకాలం అతనికి ఢిల్లీ చేనేత ప్రదర్శన నుంచి పిలుపు వచ్చింది. వచ్చినవాళ్ళ కళ్ళ ముందు మగ్గం మీద నేసి చూపించాలి. వాళ్ళ వీధిలో అలాంటి పిలుపు అందుకున్న మొదటి మనిషి అతనే. అప్పటికే ఆ వీధిలో చాలా మగ్గాలు చప్పుడు మానేశాయి. అక్కడ ఇతని నేత నచ్చితే మిగిలిన మగ్గాలకు పని దొరుకుతుందని ఇరుగుపొరుగు ఆశ. వీధి వీధంతా ఆ పది వేళ్ళ మీద కూర్చుని ఉంది.

అలాంటి సమయంలో నా బుర్రలో పురుగు తొలిచింది. ఢిల్లీ దాకా వెళ్ళి మంచు చూడకుండా వస్తామా? నాలుగు రోజులు ముందే బయల్దేరి, మనాలి పైకెళ్ళి, కాళ్ళకు ఆ పొడుగు చెక్కలు కట్టుకుని, మంచు మీద జర్రున జారి, ఆ తర్వాత ఢిల్లీ దిగుదాం అన్నాను. మా ఆవిడకు అరకులోయే హిమాలయం. అంతకంటే పైకి రానంది. తమ్ముణ్ణి పంపడానికి ఒప్పుకుంది గానీ నా ఎదురుగా నిలబడి ఒక్కటే చెప్పింది.

"మా తమ్ముడి పది వేళ్ళూ మీ సేతికిస్తన్నాను. పదీ తెచ్చి అప్పగించాల. తొమ్మిది పట్టుకుని గుమ్మమెక్కితే బాగోదు, సెప్తన్నాను."

సామాను సర్దడం మా ఇంట్లోనే మొదలైంది. అక్కడ మంచు మీద జారడం నేర్పే గురువు ఏమేం తెచ్చుకోవాలో ఫోనులో హిందీలో చెప్పి పంపాడు. నేను వింటూ తెలుగు చేశాను. ఎండ మంచు మీద నుంచి ఎగిరి కళ్ళలో పడుతుంది కాబట్టి నల్ల కళ్ళద్దాలు కావాలి. ముఖానికి ఎండ తగలని క్రీము, పెదాలు పగలకుండా పూత, చేతి తొడుగులు ఒక జత తడిస్తే మార్చుకోవడానికి ఇంకో జత. వేళ్ళు తెల్లబడితే రుద్దకూడదు, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోవాలి. పైన వేసుకునే కోటు, ప్యాంటు, బూట్లు అక్కడే అద్దెకు దొరుకుతాయి. ఒంటికి ఆనుకునే బట్ట మాత్రం ఊలుదో, తొందరగా ఆరే సింథటిక్‌దో అయి ఉండాలి. అక్కడ నా తెలుగు ఆగిపోయింది.

"ఆగిపోనావేటి బావ? తరవాతేటన్నాడు?"

"కాటన్ వద్దన్నాడ్రా."

"పత్తి వద్దన్నాడా?"

"అంటే, మామూలు పత్తి."

"మామూలు పత్తని ఆడన్నాడా, నువ్వన్నావా?"

దొరికిపోయాను. అతను మా ఆవిడ వైపు తిరిగాడు. "సూసినావా అప్పా? మన బట్ట వేసంగిలో సల్లగుంటాది, సీతకాలం ఎచ్చగుంటాది. తాత సెప్పినాడు, అయ్య సెప్పినాడు. దుకాణం బోర్డు మీద కూడా రాసుంది. ఆ కొండోడికి తెల్దు."

నిజమే, బోర్డు మీద రాసే ఉంది. పొందూరులో శీతాకాలమంటే ఫ్యాను రెండో నంబరుకి దిగే కాలమని మాత్రం ఎవరూ రాయలేదు. అప్పుడు ఆ ముక్క నాకూ తట్టలేదు. తట్టినా, మగ్గం మీద బతికేవాడికి పత్తి పనికిరాదని చెప్పే ధైర్యం నాకెక్కడిది?

వారం తిరగకుండా సొంత బట్టతో మా ఇద్దరికీ లోపలి బనియన్లు, పొడుగు లాగులు, మేజోళ్ళు కుట్టించి తెచ్చాడు. తన చేతులకైతే నాలుగు పొరల తొడుగులు. వాటిని పట్టుకుంటే చేతిలో మబ్బు ముక్క ఉన్నట్టుంది. నా బనియను మాత్రం నా పెళ్ళినాటి కొలతలతో కుట్టించాడు. అది తల మీంచి దిగి, భుజాలు దాటి, పొట్ట దగ్గరకొచ్చి, రైల్వే గేటు పడ్డట్టు ఆగిపోయింది. ఊపిరి బిగపట్టాను. అక్కాతమ్ముళ్ళు చెరో వైపూ లాగారు. వీధిలో జనం పోగయ్యారు.

"నావల్ల కాదు" అని మా ఆవిడ చేతులెత్తేసి, బీరువా అడుగు నుంచి నా పాత ఊలు స్వెట్టరు తీసి పెట్టెలో కుక్కింది. చలికాలం రాగానే విజయనగరంలో రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్ముకునే నేపాలీ వాళ్ళ దగ్గర కొన్నది. దాని మీద ఒక దుప్పి బొమ్మ ఉంటుంది. నేను వేసుకుంటే అది సాగి ఏనుగవుతుంది.

నేను ఎందుకైనా మంచిదని అతని కోసం రెండు జతల ఊలు చేతి తొడుగులు కూడా కొన్నాను. పెట్టెలో చోడిపిండి, ఎండు నెత్తళ్ళు, మెంతికారం, ఇంగువ, గోంగూర పచ్చడి చేరాయి. హిమాలయాల్లో కొత్త కాపురం పెట్టేంత సామాను. విశాఖ విమానాశ్రయంలో పెట్టెను తూకం మీద పెడితే ఆ యంత్రం ఒకసారి మూలిగింది. బరువు తగ్గించాలన్నారు. నేను నెత్తళ్ళ మీద చెయ్యి వేసి ఆలోచిస్తుండగానే మా వాడు ఊలు తొడుగులు రెండు జతలూ బయటికి తీసి, గుమ్మం దాకా పరుగెత్తి, మమ్మల్ని దింపిన కారు డ్రైవరు చేతిలో పెట్టేశాడు.

"ఒరే, అవి..."

"నా సేతులకి నా బట్ట సాలు బావ."

ఆ ఎండలో ఊలు తొడుగులతో స్టీరింగు పట్టుకుని వెళ్ళిపోతున్న డ్రైవర్ని చూసి నవ్వాను. ఆ నవ్వు ఖరీదు తర్వాత తెలిసింది.

మంచు మీద మొదటి ఉదయం బాగానే గడిచింది. ఎండ కాసింది. అద్దె కోటు, అద్దె బూట్లు. అద్దె తొడుగుల లోపల మా వాడి నాలుగు పొరల పొందూరు తొడుగులు. గురువు ఒక మెత్తటి వాలు మీద నిలబెట్టి మోకాళ్ళు వంచమన్నాడు. నేను వంచాను, అవి నన్ను వంచేశాయి. నేను పడింది ఒక్కసారే. మధ్యాహ్నం దాకా లేవలేదు, అంతే. మా వాడు అలా కాదు. పడతాడు, లేస్తాడు, చెమటలు కక్కుతాడు, మళ్ళీ పడతాడు. పడ్డప్పుడల్లా మణికట్టు దగ్గర మంచు లోపలికి దూరుతోంది. పైనుంచి మంచు, లోపల్నుంచి చెమట. ఆ రెండింటినీ తాగుతున్నది పత్తి. మన దగ్గర చెమట తాగడమే దాని గొప్పతనం.

మధ్యాహ్నం దాటాక గురువు మమ్మల్ని ఇంకాస్త పైకి తీసుకెళ్ళాడు. అప్పుడే కొండ వెనక నుంచి మబ్బు దిగింది. ఎవరో స్విచ్చి కట్టేసినట్టు ఎండ పోయింది. గాలి లేచింది. మాతో వచ్చిన ఒకావిడ కాలు మడతపడింది. ఆవిణ్ణి ముందు దింపి వస్తాను, ఈ ఎర్రజెండా దగ్గర నుంచి కదలొద్దని చెప్పి గురువు మబ్బులో కలిసిపోయాడు.

మేమిద్దరం, ఎర్రజెండా మిగిలాం. మా వాడు గాలికి వీపు పెట్టాడు. చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఊతకర్ర జారి కింద పడింది. వంగి తీయబోయాడు. వేళ్ళు దాని చుట్టూ మూసుకోలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. కర్ర అలాగే ఉంది.

"ఒరే, సేతులు సూపించు."

"ఏటీ నేదు బావ."

"సూపించమన్నానా!"

పై తొడుగు లాగేశాను. లోపల పొందూరు తొడుగు తడిసి చర్మానికి అతుక్కుపోయింది. అంచు బిరుసెక్కి అప్పడంలా విరిగింది. దాన్ని ఒలిస్తే లోపల వేళ్ళు కనిపించాయి. కొసలు తెల్లగా, కరగబెట్టి పోసిన మైనంలా.

"నొప్పా?"

"నొప్పుంటే బాగున్ను బావ. ఏటీ తెల్డం నేదు."

రుద్దబోయి ఆగాను. గురువు మాట గుర్తొచ్చింది. కోటు జిప్పు లాగాను, దుప్పి స్వెట్టరు పైకెత్తి, ఆ రెండు చేతులూ తీసి నా పొట్ట మీద పెట్టుకుని, స్వెట్టరు కిందికి దించి, కోటు మూసేశాను. రెండు ఐసు దిమ్మలు పొట్టలోంచి దూరి వీపులోంచి బయటికొచ్చాయి. ఊళ్ళో అందరికీ చెప్పినట్టే మీకూ చెబుతున్నాను, అప్పుడు కూడా జోకులు మానలేదు. "ఒరే, ఈ పొట్టని మీ అప్ప పెళ్ళైనకాడ్నించి తిడతన్నాది. ఇయాల దానికి ఉజ్జోగం వచ్చినాది సూడు" అన్నాను. "ఇమానపోడు పెట్టెని తూసినాడు గానీ దీన్ని తూయడం మర్సిపోనాడు" అన్నాను.

అతను నవ్వలేదు.

"బావ, ఎల్లుండి మగ్గమెక్కాల."

"ఎక్కుతావు."

"పోగు తెగితే ముడెయ్యాల."

"ఎయ్యగలవు."

"ఏటీ తెల్డం నేదు బావ. పొట్ట మీదున్నాయో బయటున్నాయో కూడా తెల్డం నేదు."

మబ్బు ఇంకా దిగింది. ఎర్రజెండా గులాబీ రంగయింది, ఆ తర్వాత రంగే లేకుండా పోయింది. కింద నుంచి ఏ చప్పుడూ లేదు. అతని మొహం నా భుజం మీద ఉంది. అతని పళ్ళు కొట్టుకోవడం నా ఎముకల్లో వినిపిస్తోంది. ఎంతసేపని అడక్కండి, ఆ సేపును నేను ఎంతకు చెప్పినా తక్కువే.

అప్పుడు పొట్ట మీద ఎక్కడో చీమ కుట్టినట్టయింది.

"గిల్లినావేట్రా?"

"గిల్లినాను. తెలిసినాదేటి?"

"నాకు తెలిసినాది. నీకో?"

అతను కెవ్వుమన్నాడు. రక్తం తిరిగి వస్తుంటే వేళ్ళను నిప్పుల్లో పెట్టినట్టుంటుందట. అమ్మోయ్, అప్పోయ్ అని అంత మగాడూ ఏడ్చాడు. ఆ ఏడుపు వినగానే, పురిటి గది బయట బిడ్డ ఏడుపు విన్న తండ్రిలా నా ప్రాణం కుదుటపడింది. ఆ కేక పట్టుకునే గురువు మబ్బులోంచి మా దగ్గరికి చేరాడు. ఆ చేతుల్ని స్వెట్టరులోంచి తియ్యనివ్వకుండానే ఇద్దర్నీ మంచు మీద జారే బండిలో దింపాడు.

కింద డాక్టరు చూసి, కండ దెబ్బతినలేదని, కొసల్లో స్పర్శ రావడానికి మాత్రం కొన్నాళ్ళు పడుతుందని, ఇక మంచు జోలికి పోవద్దని చెప్పాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని మా వాడు హిందీలో అడగలేక నన్ను అడిగాడు. నేను డాక్టర్ని అడగలేదు.

సాయంత్రం మా ఆవిడ వీడియో కాల్ చేసింది. "సేతులు సూపించరా."

వెనక వైపు చూపించాడు.

"తిప్పు."

తిప్పాడు. ఎర్రగా ఉబ్బిన కొసలు. మా ఆవిడ కన్ను తెరంతా నిండింది.

"పదీ ఉన్నాయే" అన్నాను.

"లెక్కకున్నాయండి. పనికున్నాయా? పోగు ముడెయ్యడం నా కళ్ళకి సూపించండి, అప్పుడు నమ్ముతాను."

ఢిల్లీలో మగ్గం చుట్టూ జనం. మా వాడు వేళ్ళను అంతకు ముందంతా వేడినీళ్ళ గ్లాసు చుట్టూ పెట్టుకునే ఉన్నాడు. నేను వెనక ఫోను పట్టుకుని నిలబడ్డాను, ఫోనులో మా ఆవిడ. పోగును మోసే నాడె అటూ ఇటూ బాగానే ఆడుతోంది. ఆడేది భుజాలతో కదా. తెగొద్దు తెగొద్దని నేను సింహాచలం అప్పన్నకు మొక్కుతున్నంతలో పోగు తెగింది.

మగ్గం ఆగింది. అతను కొస పట్టుకున్నాడు, జారింది. మళ్ళీ పట్టుకున్నాడు, జారింది. జనంలో ఎవరో గుసగుసలాడారు. ఫోనులో మా ఆవిడ ఊపిరి గట్టిగా వినిపిస్తోంది. అప్పుడతను వంగి, పోగును పెదవికి తాకించుకున్నాడు. కొస ఎక్కడుందో పెదవితో కనుక్కుని, అక్కడికి వేళ్ళు తెచ్చి, కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు ఒక్కసారి మెలి తిరిగాయి. నాడె మళ్ళీ కదిలింది.

జనం వెళ్ళాక అడిగాను, "తెలిసినాదేట్రా?"

"సగం తెలిసినాది. మిగిల్న సగం అలవాటు కట్టీసినాది బావ." తెగిన పోగు ముక్కలు ఏరుతూ తనే అన్నాడు, "తాత సెప్పింది పొందూరు సీతకాలం. మంచు సంగతి ఆయనకేటి తెలస్తాది? ఈసారెల్తే లోపలికి ఊలే. మన బట్ట గదికొచ్చాక కట్టుకుంటాను."

"ఈసారా? ఈసారి గీసారి అన్నావంటే..." ఫోను ఇంకా కట్టెయ్యలేదని నాకప్పుడు తెలిసింది.

స్పర్శ పూర్తిగా రావడానికి నెల పైనే పట్టింది. ఇప్పుడు మళ్ళీ కళ్ళు మూసుకుని పోగు ఎవరిదో చెబుతున్నాడు. కూర సంగతి నేను చూసుకుంటున్నాను.

ఇక మాటిచ్చినట్టు ఒప్పుకుంటాను. మూలిగిన తూకం యంత్రం, వీధిలో పోగైన జనం, మధ్యాహ్నం దాకా లేవకపోవడం ఊది పెంచినవే గానీ కల్పించినవి కావు. కల్పించింది ఒక్కటే. ఆ మబ్బులో నేను వేశానన్న జోకులు. అక్కడ ఒక్కటి కూడా వేయలేదు. అవన్నీ వేళ్ళు బతికాయని తెలిశాక, గదిలో వెచ్చగా కూర్చుని తయారు చేసినవి. ఎర్రజెండా దగ్గర నాకు నోరు పెగల్లేదు. స్వెట్టరు పైనుంచి అతని వేళ్ళు ఒక్కొక్కటే తడుముతూ లెక్కపెట్టుకున్నాను. పదీ వచ్చాయి. నమ్మకం కుదరక మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాను.