పెళ్లికొడుకుల కోటుకు ఆవిరి

1986 వానాకాలంలో నేను దక్షిణ బొంబాయిలోని ఒక పెద్ద హోటల్లో, హౌస్‌కీపింగ్ విభాగం కింద, వ్యాలే సెక్షన్‌కు అసిస్టెంట్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. అతిథుల బట్టలకు మరకలు తీసి, ఇస్త్రీ చేసి, గదికి చేర్చే సెక్షన్ అది. పేరు గంభీరంగా ఉన్నా మా రాకపోకలన్నీ వెనక గేటు నుంచే. నేను అక్కడ నేల తుడిచేవాడిగా చేరి పైకి వచ్చాను, ఇంటర్వ్యూ అన్నది ఎరగను. ముందు తలుపు వైపు, రిసెప్షన్ కౌంటర్ దగ్గర, మా కామాఠిపురా తెలుగువాళ్లు అప్పటికి ఒక్కరూ లేరు.

అందుకే మా వరసగదుల చాల్‌లో పక్కగది శ్రీనివాస్‌కు అదే హోటల్ నుంచి ఫ్రంట్ ఆఫీసు, అంటే ఆ కౌంటర్ పనికి, ట్రెయినీ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినప్పుడు అంతస్తు అంతస్తంతా సంబరపడింది. వాళ్ల తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చినవాడు. కోటు వేసుకుని రావాలన్నారు. మా చాల్‌కంతటికీ ఉన్నది ఒకటే కోటు. అందరూ చందా వేసి కుట్టించిన ముదురు నీలం ఉన్ని కోటు. ఎవరింట్లో పెళ్లయినా పెళ్లికొడుకు ఫొటోకు అదే. పొట్టివాడికి చేతులు లోపలికి మడిచేవారు, లావుపాటివాడికి బొత్తాలు వదిలేసేవారు. మిగతా రోజుల్లో ఆ కోటు, మా అంతస్తుకు పెద్దావిడ మల్లవ్వ ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య పడుకునేది.

ఇంటర్వ్యూ పొద్దున దాన్ని పెట్టెలోంచి తీసి చూశాను. రొమ్ము మీద అడ్డంగా మడతలు, ఒక పక్క కాలరు మెలి తిరిగి ఉంది. ఫోరస్ రోడ్డులో బొగ్గుల ఇస్త్రీ ఉంది గానీ, ఉన్ని మీద ఇనుము నేరుగా ఆనితే మెరుపు తేలుతుంది, అది ఓ పట్టాన పోదు. నా దగ్గర ఒక చేతి స్టీమర్ ఉండేది. ఎవరో అతిథి గదిలో మరిచిపోయాడు. గడువులోగా ఎవరూ అడగకపోతే, దొరికినవాడికే గేట్‌పాస్ రాసి ఇచ్చేయడం హోటల్ పద్ధతి. ఆ రకం స్టీమర్లో రెండు లోహపు పలకల మధ్య, నీళ్లలోంచే కరెంటు పారి ఆవిరి పుడుతుంది. బొంబాయి కుళాయి నీళ్లు లవణాలు మరీ తక్కువ కాబట్టి చిటికెడు ఉప్పు వేస్తే గానీ ఆవిరి రాదు. చిటికెడే; ఎక్కువైతే కరెంటు మితిమీరి పారుతుంది.

నీళ్లు పోసి, ఉప్పు వేసి, మూత తెరిచే ఉంచి బ్రష్ కోసం లోపలికి వెళ్లాను. తిరిగొచ్చి మూత బిగించి ప్లగ్ పెట్టాను. ఆవిరి తొందరగానే తన్నుకొచ్చింది. మురిసిపోయి కాలరు దగ్గరికి తెచ్చానో లేదో, గుటగుటమంటూ వేడి ఉప్పునీళ్లు కోటు రొమ్ము మీద చిమ్మాయి. టప్పున ఫ్యూజు పోయింది. అంతస్తంతటికీ అదే ఫ్యూజు. గదుల ముందు గ్యాలరీలో ఆడవాళ్లు కేకలు మొదలుపెట్టారు.

“చిటికెడు ఏ మూలకైతది బిడ్డా? పప్పుకే సాలదు. నేనే పిడికెడు ఏసిన,” అంది మల్లవ్వ.

నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దావిడను అనలేక ప్లగ్ లాగి పడేశాను. శ్రీనివాస్ కోటు మీద తడి చూశాడు. “కాకా, ఖతం. ఇంటర్వ్యూ పాయె,” అన్నాడు.

ఉప్పునీరు ఆరితే ముదురు గుడ్డ మీద తెల్లగా అంచు కడుతుంది. ఆరకముందే తీయాలి. ముందు పొడి తువ్వాలుతో అద్దాను. రుద్దకూడదు, రుద్దితే నూగు లేస్తుంది. తర్వాత మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో అంచు నుంచి నడుమకు అద్దుతూ వచ్చాను. కరెంటు లేదు కాబట్టి స్టవ్ మీద కెటిల్ పెట్టమన్నాను. మల్లవ్వే స్టవ్‌కు పంపు కొట్టింది. కెటిల్ మూతికీ కోటుకూ మధ్య పల్చటి పంచె పట్టుకుని ఆవిరి పట్టి, నూగు వాలువెంబడి బ్రష్ చేశాను. మడతలు పోయాయి. మచ్చ పోయిందో లేదో ఆరితే గానీ తెలియదు.

“తొడుక్కోనా కాకా? లేటైతాంది,” అన్నాడు శ్రీనివాస్.

వద్దని గదిమాను. ఆవిరి పట్టిన ఉన్ని చల్లారేలోపు తొడిగితే మోచేతి దగ్గర పడ్డ ముడత అలాగే బిగుసుకుంటుంది. కోటును హ్యాంగర్‌కు వేసి పైకెత్తి పట్టుకుని నడిపించాను. గొడుగు అతనికీ కోటుకూ, వాన నాకు. బస్సులో కడ్డీకి తగిలిస్తే, కోటుకు కూడా టికెట్ కొట్టాలా అని కండక్టర్ మరాఠీలో ఎకసెక్కమాడాడు. నవ్వే ఓపిక మాకిద్దరికీ లేదు.

హోటల్ గోడ పక్కన తొడిగి చూశాను. మచ్చ లేదు. అతన్ని ముందు తలుపు నుంచి పంపి, నేను వెనక గేటు నుంచి వెళ్లాను. ఆ పూట పని మీద నాకు మనసు నిలవలేదు.

మధ్యాహ్నం అతను మా సెక్షన్‌కే వచ్చాడు. ఇంటర్వ్యూ చేసినవాళ్లలో మా ఎగ్జిక్యూటివ్ హౌస్‌కీపర్, అంటే మా విభాగానికి పెద్ద, కూడా ఉందట. కోటు భలే తీరుగా ఉంది, ఎవరు చేశారని అడిగిందట. వీడు ఉప్పు దగ్గర నుంచి కెటిల్ దాకా, అద్దడం నుంచి చల్లార్చడం దాకా పూసగుచ్చినట్టు చెప్పాడట. ఇక కౌంటర్ గురించి ఎవరూ ఒక్క ప్రశ్నా వేయలేదు. ఉద్యోగం ఇచ్చారు. ట్రెయినీ, వ్యాలే సెక్షన్. నా కింద.

కోటు విప్పి మా కడ్డీకి తగిలించి, “రేపు ఏ గేట్లకెల్లి రావాలె కాకా?” అని అడిగాడు. వెనక గేటు అని చెప్పాను. ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది.

ఆవిరి పట్టిన ఉన్నిని చల్లారేదాకా తొడగకూడదు. ఇంటర్వ్యూలో అడిగినదానికి మించి చెప్పకూడదు. మొదటిది అతనికి నేను నేర్పాను. రెండోది నేర్పడానికి, ఆ కోటు వేసుకుని అంతకుముందు ఇంటర్వ్యూకు వెళ్లినవాడు మా చాల్‌లో ఎవరూ లేరు.