గురువారం విమానం

దేవనహళ్లి దగ్గర బెంగళూరు కొత్త విమానాశ్రయం వచ్చాక అన్నీ మారాయి గానీ, ఆలస్యంగా వచ్చే ప్రయాణికుడు మాత్రం మారలేదు. మొన్న గేటు దగ్గర కాఫీ పట్టుకుని కూర్చున్నాను. మైకు గరగరమంది. ఎవరో ఒకాయన పేరు చెప్పి వెంటనే రమ్మన్నారు. మళ్లీ పిలిచారు. కాసేపాగి, ఈసారి పేరు నెమ్మదిగా సాగదీసి పిలిచారు. ఆ తర్వాత ఊరుకున్నారు. చుట్టూ ఒక్కరూ తలెత్తలేదు. నా చేతిలో కాఫీ మాత్రం చల్లారిపోయింది. మైకు అలా పిలిచి పిలిచి ఆగినప్పుడల్లా నాకు రుక్మిణక్క గుర్తొస్తుంది. ఆ మనిషి వచ్చేశాడా, రాడని వదిలేశారా అన్నది బయట కూర్చున్నవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

తొంభైల్లో నేను మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చి పనిలో చేరింది ఆమె దగ్గరే. బళేపేటలో ఒక గాజుల దుకాణం మేడ మీద ఆమె టికెట్ల ఆఫీసు. కింద రోజంతా గాజుల గలగల, పైన రోజంతా ఫోన్ మోత. వాళ్లు తాతల కాలంలో సీమ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్లు. విచిత్రం ఏమిటంటే, ఊళ్లో వాళ్లందర్నీ విమానం ఎక్కించే రుక్మిణక్క తాను ఒక్కసారీ ఎక్కలేదు. అయినా ఏ విమానంలో ఏ సీటు కిటికీ పక్కన వస్తుందో, ఏది రెక్క మీదికి వస్తుందో కళ్లు మూసుకుని చెప్పేది. ఆమె చిట్కాలకు బళేపేట వ్యాపారులు పడి చచ్చేవారు. ఇద్దరు వెళ్తుంటే వెనక వరసల్లో కిటికీ సీటొకటి, నడవ పక్క సీటొకటి తీసుకోమనేది. మధ్య సీటు ఎవరూ కోరుకోరు, చివరిదాకా ఖాళీగా మిగులుతుంది. ఎక్కగానే దాని బెల్టు పెట్టేసి మీద ఒక పేపరు పడేస్తే, ఆలస్యంగా వచ్చినవాడు కూడా ఎవరో ఉన్నారనుకుని ముందుకు పోతాడు. ప్రయాణానికి విమాన కంపెనీ ఇచ్చే పాయింట్లు ఖాతాలో పడేదాకా బోర్డింగ్ పాస్ ముక్క పారేయొద్దని చెవినిల్లు కట్టుకుని పోరేది. అన్నిటికంటే ముందు నాకు నేర్పిన పాఠం వేరే ఉంది.

"టికెట్టు తర్వాత చూడప్పా. ఆ మనిషి యాలకు పోతాండాడో ముందు అడుగు. పెండ్లికి పోయేవానికి ఒక సీటు, చావుకు పోయేవానికి ఒక సీటు ఉంటాది."

ఆమె భర్త నరసింహులు గారు పీణ్యలో ఒక యంత్రాల కంపెనీలో అమ్మకాలు చూసేవారు. గురువారం వచ్చిందంటే పొద్దున విమానంలో బొంబాయి వెళ్లాల్సిందే. ఒక ప్రైవేటు విమాన కంపెనీ కొత్తగా పాయింట్ల కార్డు పెట్టినప్పుడు ఆయనకు అది ఇప్పించింది అక్కే. ఆ పాయింట్లన్నీ కూడబెట్టి ఇద్దరికీ ఉచిత టికెట్లు తీసుకుని, బొంబాయిలో ఆమెకు సముద్రం చూపించాలని ఆయన పట్టుదల. డబ్బు పెట్టి వెళ్లలేక కాదు. ఎక్కిన ప్రతి విమానం ఆమె కోసమే ఎక్కినట్టు లెక్క ఉండాలని ఆయనకో సరదా. కార్డు ఆయన పేరు మీద ఉంది, అక్క మాత్రం భర్త పేరు నోట పలకదు. "మా ఇంటాయన" అనేదే గానీ చచ్చినా పేరు చెప్పేది కాదు. అందుకని పాయింట్లెన్ని ఉన్నాయో కనుక్కునే ఫోన్ ఎప్పుడూ నేనే చేసేవాణ్ని. అటు నుంచి పేరడిగితే "నరసింహులు" అని చెప్పేవాణ్ని. అలా చెప్పినప్పుడల్లా అక్క సిగ్గుపడి కాగితాల్లోకి తల దించుకునేది.

ఇంకొక్క ప్రయాణం చేస్తే రెండు టికెట్లకు సరిపోతాయనగా, ఆయన పీణ్యలో పనిచేసే చోటే గుండె ఆగి పోయారు.

దినాలయ్యాక అక్క మళ్లీ ఆఫీసుకొచ్చింది. ఖాతాదారు పోతే కంపెనీకి చెప్పాలి, చెబితే కార్డు మూసేస్తారు. ఇది ఆమె తన నోటితోనే ఎంతమందికి చెప్పిందో. చెప్పాలంటే పేరు పలకాలి కదా, ఆమె పలకలేదు. నేను ఆ మాటెత్తితే "ఉండనీప్పా" అని ముఖం తిప్పుకునేది. అలా నెలలు గడిచి, చాలాకాలంగా ప్రయాణాలు లేక ఆ పాయింట్లు మురిగిపోయే సమయం దగ్గరపడింది. ఆ వారమంతా అక్క అన్నం సరిగా తినలేదు. ఆమెకు మిగిలింది ఆ సముద్రం ఒక్కటే. చివరికి ఒకసారి ఫోన్ చేసి చూడమంది. చేశాను. అటువైపు అమ్మాయి హుషారుగా చెప్పింది, పోయిన గురువారం బెంగళూరు నుంచి బొంబాయికి ఒక ప్రయాణం నమోదైందని, ఇప్పుడు రెండు టికెట్లకు సరిపోతాయని.

ఫోన్ పెట్టేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క కిటికీలోంచి కిందికి చూస్తూ చిన్నగా నవ్వింది. నాకు అర్థమైందనుకున్నాను. ఆ రోజుల్లో గుర్తింపు కార్డులు అంత గట్టిగా అడిగేవారు కాదు. ఏ గాజుల సేటునో ఆయన పేరు మీద పంపి ఉంటుంది, పాపం అనుకుని నోరు మూసుకున్నాను.

"రెండు టికెట్లూ తియ్యప్పా. గురువారం పొద్దున్నే" అంది.

"ఒకటి చాలు కదక్కా."

"రెండు తియ్యి. నాకు కిటికీ. మా ఇంటాయనకు నడవ పక్క. మధ్యది ఖాళీగా ఉండనీ."

వద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పాత విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర తెలిసినవాడి చేత రెండు పాసులూ ఇప్పించాను. అక్క కొత్త చీర కట్టుకుంది. ఆయన చదివే పేపరు కొని చంకలో పెట్టుకుంది. ఆమెను లోపలికి పంపి, నేను చూడ్డానికి వచ్చేవాళ్ల గ్యాలరీలో అద్దం దగ్గర నిలబడ్డాను. కాసేపటికి మైకు మోగింది. ప్రయాణికుడు నరసింహులు, వెంటనే రండి. ఇన్నాళ్లూ ఆ పేరు ఫోన్‌లో నేనే పలికాను, ఇప్పుడు విమానాశ్రయమంతా పలుకుతోంది. మళ్లీ పిలిచారు. మరోసారి పిలిచారు. ఎండ అప్పుడే నేల మీదికి దిగుతోంది, విమానం మెట్ల దగ్గర ఎవరూ లేరు. మైకు ఠక్కున ఆగిపోయింది. మెట్లు తీసేశారు. కౌంటర్ దగ్గరికి పరుగెత్తుకెళ్లి, ఆయన రాలేదని పేరు కొట్టేశారా అని అడిగాను.

"లేదు మారాయా, అందరూ ఎక్కినారు కదా" అన్నాడు మనవాడు కన్నడ యాసలో, చూస్తున్న కాగితంలోంచి తలెత్తకుండా.

శనివారం అక్క ఆఫీసుకొచ్చింది. ముఖం ప్రశాంతంగా ఉంది. సముద్రం చూశారా అంటే, ఆయన చెప్పినట్టే ఉందంది. కుర్చీలో కూర్చుని, గొంతు తగ్గించి మిగతాది చెప్పింది.

"మధ్య సీటుకు నేనే బెల్టు పెట్టి పేపరు వేసినా. ఆయన సీటు ముట్టుకోలేదు. తలుపు ఇంకా తెరిచే ఉండాది, బయట పిలిచేది ఇనబడతాండాది. ఎయిర్ హోస్టెస్ పాప తలలు లెక్కబెట్టుకుంటా వచ్చి, నా వరస కాడ రెండు అనింది."

"రెండా అక్కా?"

"రెండే అనింది. తలుపు మూసినారు. దిగేటప్పుడు చూస్తే పేపరు లోపలి పేజీ పైకొచ్చేట్టు మడిచి ఉండాది. ఆయన చదివేది అట్లే కదప్పా." నా వైపు ప్రేమగా చూసింది. "నీ రుణం తీర్చుకోలేను చంద్రా. ఆ గురువారం టికెట్టు ఆయన పేరు మీద వేసింది నువ్వే కదా?"

"నేను కాదక్కా. మీరే వేసినారు అనుకుంటి."

"నేనా? నేనెట్ల వేస్తాను?"

కింద గాజులు గలగలమంటున్నాయి. మా ఆఫీసులో టికెట్లు వేసేది మేమిద్దరమే. భయపడింది నేను. అక్క భయపడలేదు, ఏడ్చింది. ఆయన పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు.

"తక్కువ పడినాయని పాపం మళ్లా పోయొచ్చినాడు" అంది కళ్లు తుడుచుకుంటూ. "నేను నోరు తెరిచి చెప్పలేదని ఇంకా తిరగతానే ఉండాడు."

ఫోన్ నా వైపు తోస్తుందనుకున్నాను. తన వైపు లాక్కుంది. నంబరు తిప్పింది. అటువాళ్లు ఖాతాదారు పేరు అడిగి ఉంటారు. ఆమె పెదవులు రెండుసార్లు కదిలాయి గానీ మాట రాలేదు. తర్వాత వచ్చింది.

"నరసింహులు" అంది. కన్నడంలో నెమ్మదిగా చెప్పింది, ఆయన లేరని, కార్డు మూసేయమని. ఎప్పుడు పోయారో చెప్పింది. అటువైపు చాలాసేపు ఏదో మాట్లాడారు. వాళ్లు చూస్తున్న తెరమీద ఆయన మొన్న గురువారం కూడా విమానం ఎక్కే ఉంటారు.

"తెలుసప్పా" అంది అక్క ఫోన్‌లోకి. "తెలిసే చేస్తాండాను."

ఆ తర్వాత ఏ వింతా జరగలేదు. మరుసటి గురువారం పొద్దున అక్క త్వరగా ఆఫీసుకొచ్చి కిటికీ తెరిచి, ఆకాశం వైపు ఒకసారి చూసి పనిలో పడింది. నేను చాలాకాలం ఆమె దగ్గరే చేసి, తర్వాత హూడిలో నా సొంత ఆఫీసు పెట్టుకున్నాను. అక్కడి సాఫ్ట్‌వేర్ పిల్లలకు పాయింట్ల కిటుకులు నేను చెప్పక్కర్లేదు, వాళ్లే నాకు చెబుతారు. నేను మాత్రం ఎందుకు వెళ్తున్నారని ముందు అడుగుతాను. ఈ ముసలాయనకు చాదస్తం అని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. పాయింట్లు ఎవరి కోసమైనా దాస్తున్నామంటే, దాచడం మాని వెంటనే వాడేయమంటాను.

పోయిన ఏడు రుక్మిణక్క కూడా వెళ్లిపోయింది. దహనం నుంచి వచ్చి స్నానం చేయగానే నేను చేసిన మొదటి పని, ఆమె తర్వాత తన పేరు మీద తీసుకున్న పాయింట్ల కార్డు మూసేయమని కంపెనీకి ఫోన్ చేయడం. నా దగ్గర టికెట్లు తీసుకునేవాళ్లలో ఎవరు పోయినా, ఇంటివాళ్లను అడిగి ఆ ఫోన్ నేనే చేస్తాను. పేరు గట్టిగా, స్పష్టంగా చెబుతాను. ఇంకెక్కడికీ తిరగక్కర్లేదని ఆ మనిషికి కూడా వినపడేలా చెబుతాను.